డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసాని గారు – పేద, గొప్ప భేదము లేని వైద్య పరిచర్య

మన అధ్యక్ష ఖండము నూరేండ్ల పండుగ జరుపుకొంటున్న ఈ శుభ సమయములో అనేకమంది దైవజనుల జీవితములు ఈ సంచిక ద్వారా సంఘస్థుల ముందుకు వస్తున్నాయి. గురువులు, సువార్తికులు, బైబిలు స్త్రీలు, పాఠశాలల ఉపాధ్యాయులు మన సంఘములకు పునాదిరాళ్లు. ఆ వరుసలో మేము ఒక డాక్టరమ్మ గారి జీవితము రాయదలచాము. ఆమె పేరు అన్నా సారా కుగ్లర్. ఆమె మన అధ్యక్ష ఖండమునకు చెందినవారు కారు. లూథరన్ మిషనువారు, పనిచేసినది గుంటూరులో. అట్లయితే మన సంచికలో ఆమె సంగతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు.

మా జవాబు ఇది. పెద్దారవీడు మొదలుకొని మార్కాపురం, దోర్నాల, యర్రగొండపాలెం, కంభం, గిద్దలూరు వరకు గల మన మెట్ట పల్లెల్లో, రోగము వస్తే ఏ గడప తొక్కాలి, ఎవరు మనలను ముట్టుకొని చూస్తారు, మన వంతు ఎప్పుడు వస్తుంది అనే ప్రశ్నలు తాత ముత్తాతల నాటి నుండి ఉన్నవే. ఈ ప్రశ్నలకు తెలుగు నేల మీద తన చేతులతో జవాబు చెప్పినవారిలో కుగ్లర్ దొరసాని గారు ఒకరు. ఏ సంఘమువారైనా సరే, మంచి సమరయుని వంటివారి కథ అందరికీ పాఠమే.

బాల్యము, విద్య

కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రములో, ఆర్డ్‌మోర్ అనే ఊరిలో జన్మించారు. కుటుంబము స్థితిగలది. ఆ రోజుల్లో అమెరికాలో సైతము ఆడపిల్ల డాక్టరు చదువు చదవడము వింతగానే ఉండేది. స్త్రీలకు వైద్యవిద్య నేర్పడానికే 1850లో ఫిలడెల్ఫియా నగరములో ఒక కళాశాల స్థాపించారు. మన దేశానికి మొట్టమొదటి స్త్రీ మెడికల్ మిషనరీగా వచ్చి 1870లో బరేలీలో పని ప్రారంభించిన క్లారా స్వెయిన్ గారు ఆ కళాశాల విద్యార్థినియే. 1886లో పట్టము పొందిన మరాఠీ వనిత ఆనందీబాయి జోషి గారు కూడ అక్కడనే చదివారు. కుగ్లర్ గారు 1879లో ఆ కళాశాల నుండి డాక్టరు పట్టము పుచ్చుకొన్నారు.

తరువాత ఆమె నారిస్‌టౌన్ అనే ఊరిలోని మానసిక రోగుల ఆసుపత్రిలో, స్త్రీల విభాగములో సహాయ వైద్యురాలుగా పనిచేశారు. బంధువులు సైతము విడిచిపెట్టినవారు, లోకము లెక్కచేయనివారు అటువంటి ఆసుపత్రులలో ఉండేవారు. హోదా అంతా పోగొట్టుకొన్న మనుష్యుల మధ్య ఆమె వైద్యము ఆరంభించడము దేవుని ఏర్పాటు అని మేము తలస్తాము.

ఆ కాలములో గుంటూరు మిషనరీ ఏ. డి. రో గారు ఆమెకు ఉత్తరము రాశారు. తెలుగు స్త్రీలకు స్త్రీ డాక్టరు అవసరము ఎంత ఉన్నదో ఆ ఉత్తరము వివరించింది. ఆమె మనస్సు కదిలి, తన సంఘపు స్త్రీల మిషను సమాజమునకు దరఖాస్తు పెట్టుకొన్నారు. అయితే సమాజమువారు వైద్యపు పని ఆరంభించడానికి అప్పటికి సిద్ధముగా లేరు. ఉపాధ్యాయినిగా అయితే పంపగలమన్నారు. డాక్టరు పట్టము చేతబట్టుకొన్న మనిషి బడి పంతులమ్మగా ఓడ ఎక్కవలసి వచ్చింది. ఆమె దానికి ఒప్పుకొన్నారు. కాని వైద్యము మానుతానని మాత్రము ఎవరికీ మాట ఇవ్వలేదు.

గుంటూరు రాక

1883 సంవత్సరాంతములో ఆమె గుంటూరు చేరారు. గుంటూరు లూథరన్ మిషనుకు అప్పటికే నలభై యేండ్ల చరిత్ర ఉన్నది. 1842లో హయ్యర్ దొరగారు అక్కడ పని ఆరంభించారు. ఆయన కూడ తరువాత వైద్యము నేర్చుకొన్నవారే. అయితే మగ డాక్టరు ఎంత మంచివాడైనా గోషా ఇండ్లలోకి పోలేడు. నాడి చూడవలసి వస్తే తెర చాటున చెయ్యి చాపేవారు. కాన్పు కష్టమైతే మంత్రసాని తప్ప దిక్కు లేదు.

ఇక్కడ మన ఊళ్ల ఏర్పాటు కొంచెము చెప్పాలి. మంత్రసాని అనేకసార్లు చాకలి, మంగలి, మాదిగ కులములలోని స్త్రీయే. పురిటి గదిలో మైల ఉంటుంది గనుక ఆమె చెయ్యి అక్కడ పనికివచ్చేది. బిడ్డ భూమి మీద పడి, పురిటి స్నానము అయిన తరువాత ఆ చెయ్యికి మళ్లీ అంటరానితనము వచ్చేది. ప్రాణము నిలబెట్టిన చెయ్యి మంచినీళ్ల కుండ దగ్గరకు రాకూడదు. కులము కలవారి స్త్రీ పెద్ద మేడలో ఉండి డాక్టరు లేక చనిపోయేది. పల్లెలోని స్త్రీ పూరిపాకలో ఉండి డాక్టరు లేక చనిపోయేది. గోషా ఒకరిని లోపల బంధిస్తే, అంటు మరొకరిని బయట నిలబెట్టింది. ఇద్దరికీ కలిగిన నష్టము ఒక్కటే.

కుగ్లర్ గారు పగలు బాలికల పాఠశాలలు చూచుకొంటూ, మిగిలిన వేళల్లో ఇండ్లకు పోయి రోగులను చూడసాగారు. మొదట ఆమెకు ఎదురైనది రోగము కాదు, మడి. ఆమె తెల్లవారైనా, డాక్టరైనా, మడి కట్టుకొన్న ఇంటికి అంటరానివారే. ఆమె ముట్టుకొంటే రోగి స్నానము చేయాలి. ఆమె చెయ్యి తగిలిన నీళ్లు తాగరు. నీళ్ల మందు క్రైస్తవుల నీళ్లతో కలిపినది గనుక పనికిరాదు.

అందుచేత అటువంటివారికి పొడి మందు పొట్లముగా కట్టి ఇచ్చేవారు. ఇంటివారు తమ నీళ్లతో తామే కలుపుకొని తాగవచ్చును. ఇది కులమునకు లొంగిపోవడము కాదా అని మన యువకులు అడగవచ్చు. మంచి ప్రశ్నే. మేము ఈ విధముగా గ్రహించాము. తన గౌరవము విషయములో ఆమె ఎంతైనా తగ్గారు. గుమ్మము బయట నిలబెట్టినా నిలబడ్డారు, పొట్లము దూరము నుండి అందుకొన్నా ఊరుకొన్నారు. కాని ఎవరికి వైద్యము చేయాలి అనే విషయములో తగ్గలేదు. మేడలో నుండి వచ్చిన పిలుపు ఉన్నదని పల్లెలోని రోగికి తలుపు మూయలేదు. తన మీద పడిన అవమానమును ఆమె భరించారు. రోగి మీద పడే అన్యాయమును భరించలేదు. ఈ రెండింటికీ భేదము తెలుసుకొన్నవారే సేవ చేయగలరు.

ఆసుపత్రి నిర్మాణము

రెండేండ్లలో ఆమె పని చూచి మిషను సమాజమువారి మనస్సు మారింది. 1885 చివర ఆమెను మెడికల్ మిషనరీగా అంగీకరించారు. 1886లో గుంటూరులో చిన్న డిస్పెన్సరీ తెరిచారు. అంతకు ముందు సంవత్సరమే, అనగా 1885లో, అప్పటి వైస్రాయి భార్య డఫరిన్ దొరసాని గారు భారత స్త్రీల వైద్య సహాయము కొరకు ఒక నిధి స్థాపించారు. స్త్రీలకు స్త్రీ డాక్టర్లు కావాలనే మాట దేశమంతట వినబడుతున్న కాలము అది. మద్రాసు మెడికల్ కాలేజీ 1875లోనే స్త్రీలను చేర్చుకొన్నది. అయితే పెద్ద నగరములలో మొదలైన ఆ వెలుగు గుంటూరు వంటి ఊరికి చేరడానికి ఇటువంటివారు కావలసి వచ్చింది.

సెలవు మీద స్వదేశము పోయినప్పుడు కూడ ఆమె విశ్రాంతి తీసుకోలేదు. సంఘములలో తిరిగి ఆసుపత్రి కొరకు చందాలు పోగుచేశారు. 1893లో డిస్పెన్సరీకి మంచి భవనము అమరింది. 1897లో యాభై పడకల ఆసుపత్రి ప్రతిష్ఠింపబడింది. స్త్రీల కొరకు, పిల్లల కొరకు తెలుగు జిల్లాలలో అటువంటి ఆసుపత్రి అప్పటికి అరుదు. సహాయముగా నర్సు కేథరిన్ ఫాస్ గారు, డాక్టరు మేరీ బేర్ గారు అమెరికా నుండి వచ్చారు. తరువాతి కాలములో బేర్ గారు చీరాలలో పరిచర్య చేశారు.

గుంతకల్లు–బెజవాడ రైలుమార్గము కూడ పందొమ్మిదవ శతాబ్దము చివరనే పడింది. గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతము అప్పుడు కర్నూలు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు అట్లాగే ఉన్నది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. మెట్ట ఊళ్లవారికి బండ్ల మీద రోజుల తరబడి ప్రయాణమైన గుంటూరు, రైలు పడిన తరువాత దగ్గరయింది. ఇటు నంద్యాలలో ఎస్.పి.జి. మిషను ఆసుపత్రి, అటు ఒంగోలులో క్లౌ దొరగారి పేరిట బాప్టిస్టు మిషను ఆసుపత్రి కాలక్రమమున వెలిశాయి. మన పెద్దలు మిషను ఆసుపత్రి అనే మాటను అంత గౌరవముగా పలకడానికి కారణము ఈ తరమువారి పరిచర్యయే.

ఒకే కప్పు క్రింద

ఆసుపత్రి కట్టడము ఒక ఎత్తు, అందులో అన్ని కులములవారిని ఉంచడము మరొక ఎత్తు. ఇంటి దగ్గర పొడి మందుతో సరిపోయింది. ఆసుపత్రిలో రోగి రోజుల తరబడి ఉండాలి. అన్నము ఎవరు వండాలి, నీళ్లు ఎవరు తేవాలి, ప్రక్క మంచము మీద ఎవరు ఉంటారు? ఏలూరు రాజా వారు తమ కుటుంబములో జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా ఆసుపత్రికి వచ్చే హిందూ బంధువుల కొరకు సత్రము కట్టించారు. అక్కడ వారు తమ ఆచారము ప్రకారము వండుకొని రోగికి తెచ్చి పెట్టుకోవచ్చును. రాజా వారి దాతృత్వము గొప్పది. ఆ సత్రము ఆనాటి సమాజమును మనకు అద్దములా చూపిస్తుంది: వైద్యము ఒక చోట తీసుకోవచ్చు గాని అన్నము వేరుగా తినాలి.

అయితే దేవుడు మరొక మార్గమున పనిచేశాడు. ఆసుపత్రిలో నర్సులుగా, కాంపౌండర్లుగా, బైబిలు స్త్రీలుగా పనిచేసినవారు ఎవరు? అధిక భాగము క్రైస్తవ కుటుంబముల ఆడపిల్లలు. గుంటూరు సంఘములలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెల నుండి వచ్చినవారు. ఊరిలో బావి దగ్గరకు రానివ్వని ఇండ్లలోని అమ్మాయిలు తెల్లని దుస్తులు కట్టుకొని, చేతులు శుభ్రముగా కడుగుకొని, కులము కల స్త్రీల ప్రక్కన నిలబడి జ్వరము చూచారు, పుండ్లు కడిగారు, పురుడు పోశారు. మంత్రసాని చేతికి రాని గౌరవము నర్సు చేతికి వచ్చింది. మంత్రసానికి అనుభవము లేక కాదు. చదువు, జీతము, శిక్షణ, వెనుక నిలిచిన ఒక సంస్థ ఆమెకు లేవు. ఇవి ఉంటే అదే కులపు చెయ్యి ఆదరింపబడింది.

ప్రసంగములతో కదలని గోడ ఒక మంచము ప్రక్కన కదిలింది. పూర్తిగా కూలిపోయిందని మేము అనము. ఆసుపత్రిలో నర్సు చెయ్యి పట్టుకొన్న అమ్మగారు, ఊరికి పోయిన తరువాత ఆ నర్సు తల్లిని గడప లోపలికి రానిచ్చారో లేదో అందరికీ తెలిసిన సంగతే. వైద్యము తెరిచిన తలుపును ఊరు మళ్లీ మూసింది. అందుచేతనే ఆసుపత్రి చేసిన పనిని సంఘము కొనసాగించవలసి ఉన్నది.

చివరి దినములు

ప్రభుత్వమువారు 1905లో ఆమెకు కైజర్-ఇ-హింద్ పతకము ఇచ్చారు. 1917లో మరల గౌరవించారు. ఆసుపత్రి చరిత్రను ఆమె ఒక పుస్తకముగా రాయగా 1928లో అచ్చయింది. 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడి, మిషను పని స్వదేశీ సంఘమైన దినములను కూడ ఆమె కన్నులార చూచారు. 1930 జూలై 26న గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. అప్పటికి ఆమెకు 74 సంవత్సరములు. తెలుగు నేలకు వచ్చి దాదాపు 47 సంవత్సరములు. ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి అంటే తెలియనివారు ఉండరు.

వాక్యపు వెలుగులో

మార్కు సువార్త అయిదవ అధ్యాయములోని సంగతి మనకందరికీ తెలుసు. సమాజమందిరపు అధికారి యాయీరు వచ్చి తన కుమార్తె చావనైయున్నదని ప్రభువును బ్రతిమాలుకొన్నాడు. ఆయన బయలుదేరాడు. మార్గములో పన్నెండేండ్ల రక్తస్రావము గల స్త్రీ ఆయన వస్త్రము ముట్టింది. ఆమెకు పేరు చెప్పబడలేదు, వెంట ఎవరూ లేరు, ఉన్నదంతా వైద్యుల కొరకే వ్యయపరచింది. ధర్మశాస్త్రము ప్రకారము అపవిత్రురాలు. యాయీరు తొందర పడుతుండగా ప్రభువు ఆగాడు. ఆమెను వెదకి, అందరి యెదుట మాట్లాడి, కుమార్తె అని పిలిచాడు. అధికారి బిడ్డ కొరకు పోతున్నవాడు దిక్కులేని స్త్రీ కొరకు ఆగాడు. అట్లని అధికారి బిడ్డను విడిచిపెట్టలేదు. ఆమెను కూడ బ్రతికించాడు.

కుగ్లర్ గారి జీవితము ఈ అధ్యాయమునకు వ్యాఖ్యానము వంటిది. గొప్పవారిని ఆమె ద్వేషించలేదు. రాజా వారి ఇంటికి పోయారు, వారి కానుక స్వీకరించారు. కాని రాజా వారి కానుక పేదవారి మంచమును వెనక్కు నెట్టనియ్యలేదు.

నేటి మన ప్రాంతము

కుగ్లర్ గారి కాలము గతించింది. అంటరానితనము 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగము ద్వారా రద్దయింది. మన రాష్ట్రములో 2005 నుండి 108 వాహనములు, 2007 నుండి ఆరోగ్యశ్రీ వచ్చాయి. తరువాత పథకము పేరు మారినా పేదవారికి ఖరీదైన ఆపరేషన్లు అందే మార్గము ఏర్పడింది. దీని కొరకు దేవునికి స్తోత్రము చెల్లించాలి.

అయినా వరుస ఇంకా సరికాలేదు. మన మెట్ట ప్రాంతములో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్నది. పండ్లు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. డబ్బు గలవారు శుద్ధి చేసిన క్యాను నీళ్లు కొంటారు, కూలివారు బోరు నీళ్లే తాగుతారు. రోగము డాక్టరు గదిలో కాదు, నీళ్ల బిందె దగ్గరనే ధనికులను, పేదలను వేరు చేస్తున్నది. మార్కాపురం పలకల క్వారీలలో రాతి దుమ్ము పీల్చేది కార్మికుడు. పలక మీద అక్షరాలు దిద్దుకొన్నది లోకమంతా. పెద్ద రైతు ఇంటికి ఆర్.ఎం.పి. డాక్టరు మోటారు సైకిలు మీద పోతాడు. కూలివాడు ఆ రోజు కూలి పోగొట్టుకొని ఆయన అరుగు మీద కూర్చుంటాడు. సుస్తీ చేసిన రోజే జీతము కూడ పోయేది పేదవాడికి మాత్రమే. అందుచేత రోగము ముదిరేదాకా రాడు. వచ్చిన తరువాత, ఇంత ఆలస్యము ఎందుకు చేశావని అతనినే గద్దిస్తారు.

మేము గురువుగా అనేక ఆసుపత్రులకు పోతుంటాము. ఒకానొక పెద్ద ఆసుపత్రిలో, పేరు చెప్పనవసరము లేదు, మా సంఘపు తల్లి ఒకరు కాగితములు చదవలేక ఉదయము నుండి మధ్యాహ్నము వరకు ఒక్క బల్ల దగ్గరనే నిలబడి ఉండడము చూచాము. మేము తెల్లని అంగీతో పోయి అడగగానే పని అయిపోయింది. ఆ తల్లికి లేనిది రోగము మీద హక్కు కాదు, మాట్లాడే మనిషి. మా అంగీకి దొరికిన మర్యాద ఆమె నొప్పికి దొరకలేదు.

సంఘము చేయవలసినది

సంఘములో కూడ ఈ వరుసను పరీక్షించుకోవాలి. మోతుబరి సంఘస్థుడు పడకబడితే ప్రార్థనకు మూడు కార్లలో పోయే సంఘము, పల్లె చివర కూలి తల్లికి జ్వరమైతే ప్రకటనలలో ఒక మాటతో సరిపెట్టడము న్యాయమా? సంస్కారపు గిన్నె అందరికీ ఒక్కటే అయినప్పుడు, మంచము ప్రక్కన చేసే ప్రార్థన రెండు విధములుగా ఎట్లా ఉంటుంది?

నూరేండ్ల పండుగ జ్ఞాపకార్థము ప్రతి సంఘము మూడు పనులు చేయగలదని మేము నమ్ముతున్నాము. మొదటిది, చదువు వచ్చిన యువతీ యువకులు వంతులు వేసుకొని, కాగితములు చదవలేని రోగుల వెంట ఆసుపత్రికి పోవాలి. రెండవది, కానుకలలో కొంత భాగము ప్రత్యేకించి, ఆసుపత్రిలో ఉన్న కూలివారి ఇంటికి ఆ దినముల బియ్యము, పప్పు అందించాలి. కూలి పోతుందనే భయము లేకపోతే రోగి ముందుగానే డాక్టరు దగ్గరకు పోతాడు. మూడవది, మందిర ఆవరణలో శుద్ధి చేసిన నీళ్లు పెట్టగల సంఘములు పెట్టాలి. ఏ కులమువారు వచ్చినా అదే పంపు, అదే గ్లాసు. ఈ మూడింటికీ విదేశీ ధనము అక్కరలేదు, పెద్ద భవనము అక్కరలేదు.

కుగ్లర్ దొరసాని గారు డాక్టరు పట్టముతో వచ్చి, బడి పంతులమ్మ అనే పేరుతో పని మొదలుపెట్టారు. పని చేయడానికి పదవి వచ్చేవరకు కాచుకోలేదు. ఎదుట ఉన్న రోగిని చూచారు, పొట్లము కట్టి ఇచ్చారు, మరునాడు మళ్లీ పోయి చూచారు. మన సంఘములలోని ప్రతి సహోదరునికి, ప్రతి సహోదరికి అటువంటి పని ఒకటి తమ వీధిలోనే ఉన్నది. రాబోయే నూరేండ్లలో మన పల్లెల్లో ఏ రోగియు తన హోదాను బట్టి వెనుకకు నెట్టబడకుండునట్లు, ప్రభువు మనకు ఆ మనస్సును, ఆ చేతులను దయచేయును గాక. ఆమెన్.